వదిన లోపల ఉన్నంతసేపు

వదిన లోపలికి వెళ్లి తలుపు మూసుకోగానే పిచ్చుకకు మొట్టమొదట కలిగింది హాయి. కాసేపు ఆ మొహం చూడక్కర్లేదు. ఆ వెంటనే, ఛీ, ఇదేం బుద్ధి అనుకుంది. అనుకున్నాక కూడా హాయిగానే ఉంది. మెత్తటి సోఫా, గాజు గోడ, గోడకు అవతల పెద్ద హాలులో బారులు తీరి తిరుగుతున్న వాషింగ్ మెషీన్లు. వాటిలో బట్టలు లేవు. రబ్బరు దిమ్మలు, తడి తువాళ్లు వేసి, ఎన్నాళ్లకు పాడవుతాయో చూడటానికి పగలూ రాత్రీ తిప్పుతూనే ఉంటారట, రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. పాడయ్యేదాకా తిప్పడం! పిచ్చుకకు అది తన సంగతే అనిపించింది. ఈ కంపెనీ ఏటా యూనివర్సిటీలో ఒక్క ఇంజినీరింగ్ విద్యార్థిని ఎంచుకుంటుంది. చివరి ఏడాది ఫీజంతా స్కాలర్‌షిప్‌గా కట్టేస్తుంది, దానితోపాటే ఏడాది పొడవునా ఇంటర్న్‌షిప్ ఇస్తుంది, వారంలో సగం క్లాసులో, సగం ఈ ఫ్యాక్టరీలో. రాతపరీక్ష అయింది, ప్రాజెక్టులు చూడటం అయింది, అంతమందినీ వడబోస్తే చివరికి తేలింది ఇద్దరు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లోంచి, ఒకే గదిలోంచి, ఒకే అద్దంలో జుట్టు దువ్వుకొని, ఒకే బస్సులో పక్కపక్కన కూర్చొని వచ్చారు. స్కాలర్‌షిప్ వచ్చేది మాత్రం ఒక్కరికే. దేవుడికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

తలుపు దగ్గర వదిన వెనక్కి తిరిగి అడిగింది, "ఏమే, బాగానే ఉన్నానా?" అని. బాగానే ఉంది. ఎప్పుడు బాగాలేదు గనక. కానీ భుజం మీద, కోటు అతుకు పక్కన, తెల్లటి టాకా దారం ఒకటి అలాగే ఉండిపోయింది. కుట్టేముందు గుడ్డ కదలకుండా వదులుగా వేసి, కుట్టు పూర్తయ్యాక లాగెయ్యాల్సిన దారం. వదిన నాన్న, మావయ్య, నిన్న సాయంత్రమంతా తన టైలరు దుకాణంలో కూర్చొని ఇద్దరికీ కుట్టాడు, ఒకే తానులోంచి చింపిన బూడిదరంగు గుడ్డతో. ఈ మధ్య ఆయన సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్లు చికిలించి, చివరికి వదిననో తననో పిలుస్తున్నాడు. తెల్లదారం ఆయన కంటికి ఆనలేదు. పిచ్చుక కంటికి ఆనింది, పొద్దున ఇంట్లో బయలుదేరేటప్పుడే ఆనింది, బస్సులో కిటికీ ఎండ పడి ఇంకా బాగా ఆనింది. రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేస్తుంది. "బావున్నావు వదినా, వెళ్లు" అంది. పేరు పిలిచిన మనిషి తలుపు పట్టుకొని నిలబడ్డాడు కదా, టైమెక్కడిది అని ఇప్పుడు తనకు తాను చెప్పుకుంటోంది. టైముంది. చెయ్యి లేవలేదు, అంతే. అదే గుడ్డ, అదే చెయ్యి, అదే కత్తెర. తన మీద చూస్తే స్కూలు యూనిఫారంలా ఉంది. వదిన వేసుకుంటే ఆ గుడ్డ దానికోసమే నేసినట్టుంది. పొడుగుండటం కూడా ఒక ప్రతిభేనా? పేరుకు తగ్గట్టు తను ఇంతే, చారెడు. పిచ్చుక అని మొదట పిలిచింది కూడా వదినే. ఇప్పుడు అసలు పేరు కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు, ఆ పేరూ దాని చలవే.

వదిన అంటే మేనత్త కూతురు. నెలల తేడాలో పుట్టారు, అయినా పెద్దది పెద్దదే. చిన్నప్పుడు సెలవులకు కలిసినప్పుడల్లా అమ్మ అనేది, "నీ వదినను చూడు, అడక్కుండానే అన్నీ ఎలా అందుకుంటుందో." అందుకోవడం! సైకిలు ఒక్క సాయంత్రంలో అందుకుంది. పిచ్చుక ఆ సెలవులన్నీ మోకాళ్లు చెక్కుకుంది. ఆ సైకిలు వెనక సీటు పట్టుకొని, ఆయాసపడుతూ, నవ్వుతూ, "తొక్కవే, నేను పట్టుకున్నానుగా" అంటూ రోజూ పరిగెత్తింది ఎవరు, వదినే. అదీ అసలు బాధ. గర్వంతో మిడిసిపడే మనిషైతే నాలుగు తిట్టుకొని ఊరుకోవచ్చు. పోటీలో నిన్ను దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి నీ చెయ్యి పట్టుకొని నడిపిస్తే ఆ మనిషినేం చేస్తావు? మార్కులు పిచ్చుకకే ఎక్కువ వస్తాయి, ఎప్పుడూ. కళ్లు ఎర్రబడేదాకా చదువుతుంది మరి. వదిన పరీక్ష ముందురోజు పుస్తకం తెరిచి, మధ్యలో పాట పాడుకొని, రెండు మార్కులు తక్కువ తెచ్చుకొని, "అబ్బ, మా పిచ్చుక మళ్లీ ఫస్టు!" అని కాలేజీ అంతా చాటింపు వేస్తుంది. అప్పుడు అందరూ చూసేది చాటింపు వేసిన మనిషిని. ఫస్టు వచ్చిన మనిషి ఆ వెనకాల ఎక్కడో పుస్తకాలు సర్దుకుంటూ ఉంటుంది.

లోపల నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, అందరిదీ కలిపి. మగగొంతులు రెండు, మధ్యలో ఆడగొంతు, దాని మీద తేలుతూ వదిన నవ్వు. పిచ్చుక చెవులు రిక్కించింది. మాటలు వినబడలేదు. ఇంటర్వ్యూలో నవ్వేదేముంటుంది? టార్కు గురించి నవ్వుతారా? బేరింగు గురించి నవ్వుతారా? రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసి, తనూ ఊరికే నవ్వింది, ఏమీ వినకుండానే. "మీ ఫ్రెండు భలే సరదా మనిషండీ. ఇందాక వచ్చినప్పుడు నా పెన్ను స్టాండు బాగుందని, ఎక్కడ కొన్నారని అడిగారు." పిచ్చుక "ఫ్రెండు కాదండీ, మా వదిన" అంది. ఎందుకు సరిదిద్దిందో తెలియదు. "ఓహో, మీ అన్నయ్యగారి భార్యా?" "కాదండీ, మేనత్త కూతురు." "అయితే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లే! ఎవరికొచ్చినా మీ ఇంట్లోనే ఉంటుంది, ఇంకేం." అందరూ అదే మాట. అత్తయ్య కూడా పొద్దున అదే అంది, ఇద్దరి నెత్తి మీదా చెరో చెయ్యి పెట్టి. అత్తయ్య మంచిది, మరీ మంచిది. మూడేళ్లుగా అన్నం పెడుతోంది, గరిటె ముందు మేనకోడలి కంచం వైపే వస్తుంది, కూతురిది తర్వాత. మొహం ముడుచుకొని ఒక్కసారైనా గిన్నె తనకి దూరంగా జరిపి ఉంటే ఎంత బాగుండేది. కృతజ్ఞత అనేది ఎంత బరువో! ఆ బరువు మోస్తూనే ఆ ఇంటిపిల్ల మీద కుళ్లుకోవాలి, అదీ చప్పుడు కాకుండా, పక్కపక్క మంచాల మీద పడుకొని.

మొన్న నాన్న ఫోనులో మాట్లాడాడు. బస్సు డిపోలో మెకానిక్కు, అరిచి మాట్లాడటం అలవాటు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించాడు. "రాకపోతే చదువు ఒక ఏడాది ఆపుదాం తల్లీ. ఏదైనా పనిలో చేరు. తర్వాత చూద్దాం." తర్వాత అనే మాటకు ఆయన దగ్గర అర్థం ఏమిటో పిచ్చుకకు బాగా తెలుసు. ఇంటి పైకప్పు బాగుచేయించడం తర్వాత, అమ్మ పళ్లు చూపించడం తర్వాత. వదినకు మాత్రం కులాసానా, మావయ్య కళ్లు మసకబారుతున్నాయి, దుకాణం ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరికీ తెలియదు. అయినా వదిన బస్సులో ఆ సంగతి ఎత్తనే లేదు. రోడ్డు పక్కన మెట్ల మీద పడుకున్న కుక్కను లేవమని దుకాణంవాడు బతిమాలుతుంటే చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. భయం కూడా దాని దగ్గరికి రాదు. వస్తే దాన్నీ పలకరిస్తుంది కాబోలు.

మళ్లీ నవ్వు. గోడకు అవతల ఒక మెషీను వేగం అందుకొని వణికింది. వెంటనే నీలం చొక్కా మనిషి వచ్చి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, జ్వరం చూసినట్టు. అత్తయ్యవాళ్ల మెషీను కూడా అలాగే వణికేది. వణకడమా, నడిచేది! నీళ్లు పిండే టైముకు దడదడలాడుతూ మూలలోంచి బయలుదేరి వంటింటి గుమ్మందాకా వచ్చేది. "అదిగో, బయలుదేరింది మహాతల్లి" అని అత్తయ్య పరిగెత్తుకెళ్లి, ఆపి, మూత తీసి, ఒకపక్కకి పోగుపడిన తడిబట్టలను చేత్తో సర్ది మళ్లీ తిప్పేది. ఒకరోజు వదిన జడ వేసుకుంటూ, నోట్లో పిన్ను పెట్టుకొని, "అమ్మ చేత్తో సర్దేది డ్రమ్మే సర్దుకోకూడదా? పిండేముందు కాసేపు నెమ్మదిగా అటూ ఇటూ ఊగితే సరి" అంది. పిన్ను నోట్లో ఉండగా! అదే వాళ్ల ప్రాజెక్టు అయింది. బరువు ఎటు పోగుపడిందో కనిపెట్టి, దానికి తగ్గట్టు డ్రమ్మును నెమ్మదిగా ఊపి, బట్టలు సమంగా పరుచుకున్నాకే వేగంగా తిప్పడం. అనడం ఒక్క నిమిషం. దాన్ని నిజం చేయడానికి పిచ్చుక కాలేజీ ల్యాబులో ఎన్ని వారాలు తడి తువాళ్లతో కుస్తీ పట్టిందో ల్యాబు అటెండరు చెప్పాలి. ప్రోగ్రాం రాసింది తను, పాడైతే వెతికింది తను, నాని ముడతలు పడ్డ చేతులు తనవి. వదిన వచ్చేది, చూసేది, "అబ్బ, ఎంత బాగా ఊగుతోందే, ఉయ్యాలలా" అనేది, కొత్తగా ఇంకో ఆలోచన చెప్పేది, పోయేది. కానీ ఒప్పుకోవాలి కదా, ఆ ఒక్క నిమిషం తనకు రాలేదు. అదే మెషీనును తనూ అన్నాళ్లు చూసింది. గుమ్మందాకా నడిచొచ్చిన మెషీనును ఎన్నోసార్లు తనే వెనక్కి నెట్టింది. నెట్టింది, అంతే.

తలుపు తెరుచుకుంది. వదిన బయటికి వచ్చింది, మొహం వెలిగిపోతోంది. వస్తూనే సోఫాలో కూలబడి, "చూశావా, నాన్న దారం తీయడం మర్చిపోయాడు! చీఫ్ ఇంజినీరు మేడమ్ చూసి, లేచొచ్చి తనే లాగేసింది" అంది. "అయ్యో, ఎంత సిగ్గు వదినా" అంది పిచ్చుక, పైకి. "సిగ్గేంటే! ఇది మా నాన్న కుట్టాడండీ అని చెప్పా. ఇక దుకాణం సంగతంతా అడిగారు. నాన్న కుట్టుమెషీను స్పీడు పెంచితే బల్ల ఊగకుండా కాళ్ల కింద తోలుముక్కలు పెడతాడు కదా, అది చెప్పా. వాళ్లకు తెగ నచ్చింది. సగంసేపు ఆ తోలు సంగతి మీదే గోల." చేతిలో ఆ తెల్లదారం ఉంది, వేలికి చుట్టుకుంటోంది. దారం లాగకపోవడం వల్ల వదినకు ఒక కథ దొరికింది. పిచ్చుకకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతులారా దానికి మెట్టు వేసిచ్చింది. పుండు మీద కారం చల్లినట్టు వదిన పిచ్చుక కాలరు సర్ది, జేబు మీద దుమ్ము దులిపి, "నువ్వు బ్రహ్మాండంగా ఉన్నావు. భయపడకు, వాళ్లు మంచోళ్లు" అంది. వదిన సర్దింది! వదినే!

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో చీఫ్ ఇంజినీరు మేడమ్, పొట్టి జుట్టు, అద్దాలు తలమీదికి తోసుకొని ఉంది. అడిగినవాటికన్నింటికీ పిచ్చుక జవాబు చెప్పింది. తడుముకోలేదు. బరువు తేడాను ఎలా కొలిచారో, ఎక్కడ తప్పు పోయిందో, ఎలా దిద్దారో. చెబుతుంటే తన గొంతు తనకే పాఠం అప్పజెప్పినట్టు వినిపించింది. ఎవరూ నవ్వలేదు. తలలూపారు, అంతే. బయట నవ్వులు విన్న చెవులతో ఈ నిశ్శబ్దం వినడం నరకంగా ఉంది. చివర్లో మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, "ఇద్దరూ కలిసి చేశారు కదా. ఇందులో ఎవరివల్ల ఏం జరిగింది?" అని అడిగింది. మామూలు ప్రశ్న. మామూలు జవాబు కూడా ఉంది, ఇద్దరం సమానంగా చేశామండీ అని. అది నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆ దారం గుర్తొచ్చింది, ఆ నవ్వులు గుర్తొచ్చాయి, నాన్న తగ్గించిన గొంతు గుర్తొచ్చింది. పిచ్చుక నవ్వింది, ముద్దుగా, వదిన నవ్వేలాగే. "మొదలుపెట్టడం మా వదినకు వెన్నతో పెట్టిన విద్య మేడమ్. పూర్తిచేయడం మాత్రం నా వంతు. తను ఏదీ చివరిదాకా చేయదు. టీ అయినా సగం తాగి ఎక్కడో పెట్టేస్తుంది, ఆ కప్పులు ఏరుకోవడం కూడా నా పనే." ముగ్గురూ నవ్వారు. మొదటిసారి, తన మాటకు నవ్వారు. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉందో! తియ్యదనం గొంతు దిగకముందే చేదెక్కింది. అన్నది అబద్ధమేం కాదు. అక్షరం అక్షరం నిజం. నిజాన్ని కూడా కత్తిలా పట్టుకోవచ్చని తెలిసింది. మేడమ్ అద్దాలు కళ్ల మీదికి దించుకొని ఏదో రాసుకుంది.

బయట ఇద్దరినీ కూర్చోబెట్టారు. వదిన మెషీన్ల వైపు చూస్తూ, ఏది ముందు ఆగిపోతుందో పందెం కడదామంది. పిచ్చుక ఊ అంది. అడుగుతుందా, ఏమడిగారే అని అడుగుతుందా అని ఎదురుచూసింది. అడగలేదు. అడిగేస్తే ఓ పీడ వదిలేది. అడగకుండా నమ్మేసే ఆ తీరు చూస్తే ఒళ్లు మండింది. ఎవరైనా తనకు చెడు చేస్తారన్న ఆలోచనే రాని మనిషి! అలా బతకడం ఎలా ఉంటుందో? పొద్దున లేచి, ఎవరితోనూ పోల్చుకోకుండా, తన ముఖం తను కడుక్కోవడం ఎలా ఉంటుందో? పిచ్చుక దేనిమీద కుళ్లుకుంటోందో ఇప్పుడు తనకే సరిగా తెలియడంలేదు. పొడుగా, నవ్వా, ఆలోచనలా, లేక ఇదా?

పిలిచారు. ఇద్దరినీ నిలబెట్టి మేడమ్ నాన్చకుండా చెప్పింది. వచ్చింది పిచ్చుకకు. వదిన చెయ్యి వచ్చి పిచ్చుక చేతిని గట్టిగా పిసికింది, ఎముకలు నొప్పెట్టేలా. ఆ పట్టులో సంతోషముందో ఇంకేమన్నా ఉందో తెలియలేదు. మేడమ్ వదినతో ఏవో మంచిమాటలు చెప్పింది, వచ్చే ఏడాది ఉద్యోగాలకు తప్పకుండా రమ్మంది. వదిన థాంక్సు చెప్పి ముందు బయటికి నడిచింది. పిచ్చుకను మాత్రం మేడమ్ ఒక్క నిమిషం ఆగమంది. "చివరి ప్రశ్న ఇద్దరినీ అడిగాం. మీ వదినేమన్నారో తెలుసా? 'నాకు మొదలుపెట్టడమే వచ్చండీ, పూర్తిచేసేది మా పిచ్చుక. అది లేకపోతే ఆ మెషీను ఇంకా ఇల్లంతా తిరుగుతూనే ఉండేది' అన్నారు. మీరూ అదే చెప్పారు. కూడబలుక్కొని వచ్చారేమోనని మావాళ్లకు అనుమానం కూడా వచ్చింది. మొదలుపెట్టేవాళ్లు మాకు కావలసినంతమంది ఉన్నారమ్మా. చివరిదాకా పట్టుకునేవాళ్లే దొరకరు." పిచ్చుక తల ఊపింది. మేడమ్ దాన్ని వినయం అనుకుని ఉంటుంది.

బస్టాపులో ఎండ చురుక్కుమంటోంది. వదిన అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని, రెండో చెవి మూసుకొని అరుస్తోంది, "అమ్మా, మనకొచ్చిందే! మనకే! పిచ్చుకకి... ఆఁ... నాన్నకి చెప్పు, నాన్న కుట్టిన కోటు మహత్యమని చెప్పు." మనకొచ్చింది. ఆ మాట అలా ఎలా వస్తుంది నోట్లోంచి? తనకి రాకుండా వదినకి వచ్చి ఉంటే, నాన్నకు ఫోను చేసి మనకొచ్చింది అని తను అనగలదా? జన్మకు అనలేదు. గెలిచింది, ఫీజు ఉంది, ఏడాది ఆపక్కర్లేదు, రేపట్నుంచి ఆ గాజుగోడకు అవతల తనకో బల్ల ఉంటుంది. అయినా లోపల అదే మంట, ఒక పిసరు కూడా తగ్గలేదు. ఓడిపోవడం కూడా దానికే చక్కగా వచ్చు. గెలవడం కూడా తనకు రాదు.

ఫోను పెట్టేసి వదిన అడిగింది. "అవునే, నన్ను అడిగినట్టు నిన్నూ అడిగారా, ఎవరేం చేశారని? ఏం చెప్పావు?"

పిచ్చుక బస్సు వచ్చే దిక్కుకు చూసింది. "నువ్వు చెప్పిందే చెప్పాను వదినా."

"నిజంగా?" వదిన మొహం విచ్చుకుంది. "చూశావా! నేను ఏం చెప్పానో కూడా నీకు తెలుసన్నమాట." భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. పిచ్చుక ఆ చంకలో ఒదిగి, కొత్త గుడ్డ వాసన పీల్చుకుంటూ, ఇంతకంటే పెద్ద అబద్ధం జన్మలో చెప్పలేదని అనుకుంది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఒక్క సీటు ఖాళీగా ఉంటే వదిన పిచ్చుకను అందులోకి తోసి, "కూర్చో ఇంజినీరమ్మా" అని, తను పై కడ్డీ పట్టుకొని నిలబడింది. ఏదో చెబుతూనే ఉంది, అత్తయ్య గొంతు ఎలా వణికిందో, మావయ్య దుకాణం మూసేసి ఇంటికి బయలుదేరాడట. మలుపు తిరిగాక మాట ఆగింది. పిచ్చుక తలెత్తింది. వదిన కిటికీ బయటికి చూస్తోంది. గడ్డం కొద్దిగా అదురుతోంది. ఎవరూ చూడట్లేదనుకొని మోచేతితో కళ్లు తుడుచుకుంది, ఒకసారి, మళ్లీ ఒకసారి. పెదవులు బిగబట్టి, చిన్నపిల్ల మింగలేనిది మింగుతున్నట్టు మింగింది.

ఎప్పటినుంచో పిచ్చుక చూడాలనుకున్న మొహం అదే. సైకిలు నాటినుంచి. పొద్దుటినుంచి కాలుతున్న చోట ఒక్కసారిగా చల్లబడింది. ఎంత హాయిగా చల్లబడిందో! ఆ హాయిని గుర్తుపట్టగానే పిచ్చుకకు తన మీద తనకు భయమేసింది. కూర్చున్న చోట కూర్చోలేకపోయింది. లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో వదినా."

"ఎందుకే? నాకేం అలసట లేదు." వదిన మొహం అటే తిప్పుకొని ఉంది. గొంతు తడిగా ఉంది.

"కూర్చో. నీకు పుణ్యముంటుంది."

"నువ్వే కూర్చోవే అంటుంటే..."

"నేను కూర్చోను."

అలా ఇద్దరూ చెరోపక్క నిలబడిపోయారు. మధ్యలో సీటు ఖాళీగా ఉంది. కాసేపటికి సంచులు పట్టుకున్న పెద్దావిడ ఒకామె జనంలోంచి ఇటు జరిగి, ఇద్దరి మొహాలూ చూసి, "ఎవరైనా కూర్చుంటారామ్మా?" అని అడిగింది.

"లేదండీ, మీరు కూర్చోండి" అంది పిచ్చుక. మునివేళ్ల మీద లేచినా కడ్డీ అందలేదు. బస్సు బ్రేకు వేసింది. వదిన ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూనే, రెండో చేత్తో పిచ్చుక మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకోవాలని పిచ్చుకకు అనిపించింది. విదిలించుకోలేదు.